కార్ల వెనక సీటు హెడ్‌రెస్ట్: అసౌకర్యం, ప్రయాణికుల భద్రత

కారు సీటు పైఅంచున, తలకు వెనకగా ఉండే మెత్తటి భాగం హెడ్‌రెస్ట్. దూర ప్రయాణంలో తల ఆనించుకుని కునుకు తీయడానికి పెట్టారని చాలామంది అనుకుంటారు. దాని ముఖ్యమైన పని అది కాదు. వెనక నుంచి మరో బండి గుద్దినప్పుడు ప్రయాణికుడి తల వెనక్కి విరుచుకుపోకుండా అడ్డుపడి, మెడను కాపాడడానికి దాన్ని పెట్టారు. సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్‌ల లాగానే ఇదీ భద్రతా సాధనమే.

కుటుంబాలు తిరిగే కార్లలో వెనక సీటు హెడ్‌రెస్ట్ మీద సణుగుడు తరచూ వినిపిస్తుంది. తలను ముందుకు నెడుతోందని ఒకరు, భుజాల మధ్య గుచ్చుకుంటోందని మరొకరు, గట్టిగా ఉంది, మెడ పట్టేస్తోందని ఇంకొకరు అంటారు. అడ్డంగా ఉందని కొందరు దాన్ని పూర్తిగా కిందికి దించేస్తారు. కొందరు ఊడదీసి డిక్కీలో పడేస్తారు. ఈ రెండు పనులూ మెడకు ముప్పు తెచ్చేవే. ఆ ఇబ్బందిలో కొంత, హెడ్‌రెస్ట్‌ను పైకి ఎత్తుకోవాలని గుర్తు చేయడానికి తయారీదారులు కావాలని పెట్టినది. మిగతాది నాసిరకం రూపకల్పన వల్ల వచ్చేది. ఏది ఏదో తెలియకపోవడం వల్లే జనం రెంటికీ ఒకే మందు వేస్తున్నారు.

వెనక నుంచి గుద్దితే మెడకు ఏమవుతుంది

పెద్దవాళ్ల తల బరువు సుమారు 4.5 నుంచి 5 కిలోలు ఉంటుంది. దాన్ని మెడలోని ఏడు వెన్నుపూసలు, వాటిని పట్టి ఉంచే కండరాలు, స్నాయువులు మోస్తాయి. ఆగి ఉన్న కారును వెనక నుంచి మరో కారు గుద్దితే సీటు ఒక్కసారిగా ముందుకు కదులుతుంది. వీపును సీటు నెడుతుంది కాబట్టి మొండెం దానితోపాటే వెళ్తుంది. తలను నెట్టేది ఏదీ లేనందువల్ల అది ఉన్నచోటే ఉండిపోతుంది. చూసేవాళ్లకు తల వెనక్కి వెళ్లినట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి తల కింద నుంచి ఒళ్లే ముందుకు జారిపోతుంది.

ఆ క్షణంలో మెడ ఇంగ్లిషు ‘ఎస్’ అక్షరంలా వంకర తిరుగుతుంది. కింది పూసలు వెనక్కి విరుచుకుంటే, పై పూసలు ముందుకు వంగుతాయి. రోజువారీ కదలికల్లో మెడ ఎప్పుడూ అలా వంగదు. పూసల మధ్య ఉండే చిన్న కీళ్లు ఒరుసుకుంటాయి, స్నాయువులు సాగుతాయి, నరాల మూలాల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. ఇదంతా దాదాపు సెకనులో పదో వంతులోనే ముగుస్తుంది. దెబ్బ తగులుతోందని తెలిసి మెడ బిగబట్టుకునేంత వ్యవధి మనిషికి దొరకదు. ఆ తర్వాత తల పూర్తిగా వెనక్కి వాలి, మళ్లీ ముందుకు విసురుగా వస్తుంది.

ఇలా తగిలే దెబ్బను విప్‌లాష్ అంటారు. అమెరికా ఎముకల వైద్యుడు హెరాల్డ్ క్రో 1928లో ఈ మాట వాడాడు. దీనితో ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే, ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనిపించదు. ప్రమాదం జరిగిన రోజు బాగానే ఉన్నట్టుంటుంది. మర్నాడు నిద్ర లేచేసరికి మెడ తిప్పలేరు. తలనొప్పి, కళ్లు తిరగడం, చేతుల్లో తిమ్మిర్లు రావచ్చు. ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. కొందరిని ఏళ్ల తరబడి బాధిస్తుంది. కెనడాలోని క్విబెక్ నిపుణుల బృందం 1995లో ఈ గాయాలను లక్షణాల తీవ్రతను బట్టి 0 నుంచి 4 వరకు తరగతులుగా విభజించింది. వైద్యులు నేటికీ ఆ విభజననే వాడుతున్నారు. బండికి సొట్ట మాత్రమే పడింది, మనుషులకేం కాలేదని ప్రమాద స్థలంలోనే తేల్చేసుకోవడం మనకు అలవాటు. ఆ తేల్చుకోవడంలో ఈ గాయం లెక్కకు రాకుండా పోతుంది.

ఇందుకు మహా వేగం అక్కర్లేదు. సీట్లను పరీక్షించే కేంద్రాల్లో తరచూ వాడే దెబ్బ, సీటు వేగాన్ని ఒక్కసారిగా గంటకు 16 కిలోమీటర్ల మేర మార్చేది మాత్రమే. సిగ్నల్ దగ్గరా టోల్ గేటు ముందరా జరిగే తాకిళ్లలో కూడా అంత వేగం మామూలే.

హెడ్‌రెస్ట్ చేసే పని చాలా తేలికైనది. మెడ అలా మెలిపడకముందే తల దేనికో ఒకదానికి ఆనుకుంటే, మొండెంతోపాటు తలా ముందుకు కదులుతుంది. అందువల్ల రెండు కొలతలు ముఖ్యమవుతాయి. ఒకటి, హెడ్‌రెస్ట్ ఎంత ఎత్తున ఉంది అన్నది. రెండోది, తల వెనక భాగానికీ దానికీ మధ్య ఎంత ఎడం ఉంది అన్నది. ఎత్తు చాలకపోతే హెడ్‌రెస్ట్ ఉన్నా ఉపయోగం తక్కువ. అది మెడ దగ్గరే ఆగిపోతే, తల దాని అంచు మీదుగా వెనక్కి విరిగే వీలుంటుంది. ఎడం ఎక్కువైతే తల ఆనుకునేలోపే మెడకు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

స్త్రీలకు ఈ గాయాల ముప్పు పురుషులకన్నా ఎక్కువని పలు దేశాల పరిశోధనలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. అయినా వెనక నుంచి గుద్దే పరీక్షల్లో వాడే బయోరిడ్ అనే డమ్మీని సగటు పురుషుడి కొలతలతోనే చేశారు. 24 పూసల వెన్నెముక ఉన్న ఈ డమ్మీ 1990ల చివర స్వీడన్‌లో రూపొందింది. స్త్రీల శరీరానికి సరిపడే నమూనా కోసం స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం ముందు కంప్యూటర్‌లో ఇవారిడ్‌ను, తర్వాత సెట్ 50ఎఫ్ అనే డమ్మీని తయారు చేసింది. మన ఇళ్లలో వెనక సీటులో కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లు, పెద్దవాళ్లు, పిల్లలు. పరీక్షలు మాత్రం ముందు సీటులో కూర్చున్న సగటు మగవాడి చుట్టూనే చాలాకాలం తిరిగాయి. ఈ తేడాను చిన్న విషయంగా వదిలేయకూడదు.

ముందు సీటు నుంచి వెనక సీటుకు

మోటారు కారుకు తల ఆనించే భాగాన్ని జోడించే ఆలోచనకు 1921లోనే కాలిఫోర్నియాలో ఓక్లాండ్‌కు చెందిన బెంజమిన్ కాట్జ్ పేటెంటు కోసం ప్రయత్నించాడు. కానీ ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా కార్ల తయారీదారులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మూడు బిందువుల సీటు బెల్టును 1959లో కార్లలోకి తెచ్చిన వోల్వో, 1968లో ముందు సీట్లకు హెడ్‌రెస్ట్‌లు అమర్చింది. అమెరికాలో 1969 జనవరి 1 నుంచి కొత్త కార్ల ముందు సీట్లకు అవి తప్పనిసరి అయ్యాయి. అప్పటి నియమం కోరిన ఎత్తు, కూర్చున్నవారి తుంటి స్థానం నుంచి 700 మిల్లీమీటర్లు.

ఆ నియమం ఎంత మేలు చేసిందో తేల్చడానికి అమెరికా రహదారి భద్రతా సంస్థలో చార్లెస్ కహేన్ చేసిన విశ్లేషణ 1982లో వెలువడింది. సీటుతో కలిసిపోయి ఎప్పుడూ ఒకే ఎత్తున ఉండే హెడ్‌రెస్ట్‌లు వెనక నుంచి గుద్దిన ప్రమాదాల్లో గాయాలను 17 శాతం తగ్గించాయి. పైకీ కిందికీ జరుపుకునేవి 10 శాతమే తగ్గించాయి. జరుపుకునే సౌకర్యం ఉన్నవే తక్కువ పని చేశాయంటే, కారణం మనుషుల అలవాటే. వాటిని కిందికి దించి అలాగే వదిలేసేవాళ్లు ఎక్కువ. నేటి వెనక సీటు కథ మొత్తం ఈ రెండు అంకెల్లోనే ఉంది.

1990ల్లో పరిశోధన ఊపందుకుంది. అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 1995 నుంచి హెడ్‌రెస్ట్‌ల ఎత్తును, ఎడాన్ని కొలిచి శ్రేణులు ఇవ్వడం మొదలుపెట్టింది. 1997లో సాబ్ 9-5 కారులో, ప్రయాణికుడి వీపు సీటును నొక్కగానే హెడ్‌రెస్ట్ దానంతట అదే పైకీ ముందుకీ జరిగి తలను అందుకునే ఏర్పాటు వచ్చింది. 1998లో వోల్వో ఎస్80లో సీటు వీపుభాగం కొద్దిగా వెనక్కి జరిగి దెబ్బను మింగే విప్స్ అనే ఏర్పాటు వచ్చింది. ఇవి రెండూ ముందు సీట్ల కోసం చేసినవే. కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2008లో ముందు సీట్లకు విప్‌లాష్ పరీక్షలు మొదలుపెట్టింది. వెనక సీట్ల హెడ్‌రెస్ట్‌ల కొలతలను 2014లో గానీ లెక్కలోకి తీసుకోలేదు.

నిబంధనలు వెనక సీటును ఎలా చూస్తాయి

2004 డిసెంబరులో అమెరికా తన నియమాన్ని తిరగరాసింది. ముందు సీటు హెడ్‌రెస్ట్‌ను పూర్తిగా ఎత్తినప్పుడు 800 మిల్లీమీటర్లు అందుకోవాలి, ఎంత దించినా 750కి తగ్గకూడదు, తలకూ దానికీ మధ్య ఎడం 55 మిల్లీమీటర్లు దాటకూడదు అని చెప్పింది. వెనక సీటుకు హెడ్‌రెస్ట్ ఉండి తీరాలని మాత్రం చెప్పలేదు. పెడితే 750 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలంది. ఎడానికి పరిమితి విధించలేదు. అంతేకాదు, 700 మిల్లీమీటర్ల కన్నా పొట్టిగా ఉన్న సీటుకు అసలు హెడ్‌రెస్ట్ ఉన్నట్టే లెక్కించదు, అప్పుడు నియమమే వర్తించదు. భద్రతా నియమంలో ఇంత పెద్ద కన్నం ఉండకూడదు.

ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో సీట్లకు సంబంధించిన 17వ నిబంధన కూడా కార్లలో ముందు వరుసలో కిటికీ పక్క సీట్లకే హెడ్‌రెస్ట్‌ను తప్పనిసరి చేసింది. భారతదేశ ప్రమాణాలు చాలావరకు ఐక్యరాజ్యసమితి నిబంధనల బాటలోనే రూపొందాయి. 2008 మార్చిలో వివిధ దేశాలు కలిసి హెడ్‌రెస్ట్‌ల మీద 7వ ప్రపంచ సాంకేతిక నిబంధనను ఆమోదించాయి. అందులోనూ వెనక సీటు విషయం తయారీదారుల ఇష్టానికే మిగిలింది.

వెనక సీటుకు ఇచ్చిన ఈ సడలింపుకు చూపే కారణాలు రెండు. డ్రైవరుకు అద్దంలో వెనక దారి కనబడాలి. సామాన్ల కోసం సీటు మడవడానికి వీలుండాలి. రెండూ నిజమైన అవసరాలే. వాటి భారం మాత్రం వెనక కూర్చున్నవారి మెడ మీద పడింది.

కావాలని పెట్టిన ఇబ్బంది

చాలా కార్లలో వెనక సీటు హెడ్‌రెస్ట్‌ను పక్క నుంచి చూస్తే తలకిందులైన ‘ఎల్’ అక్షరంలా ఉంటుంది. దించినప్పుడు సీటు పైఅంచు మీద గుర్రపు జీనులా కూర్చుంటుంది, ముందుకు వేలాడే భాగం సీటు మీదకు దిగుతుంది. ఆ స్థితిలో కూర్చుని చూడండి. దాని కింది అంచు రెండు భుజపుటెముకల మధ్య గట్టిగా ఒత్తుతుంది. వీపు సీటుకు ఆనదు, ఒళ్లు ముందుకు తోసినట్టవుతుంది. పది నిమిషాల్లో మనిషి అసహనంగా కదలడం మొదలుపెడతాడు.

ఇది పొరపాటున జరిగింది కాదు. ఖాళీ సీటు మీద హెడ్‌రెస్ట్‌ను దించి ఉంచుకోవచ్చు గానీ, మనిషి కూర్చోగానే అది సరైన స్థితిలో లేదని తెలిసిపోవాలి అన్నది నిబంధనల ఉద్దేశం. అమెరికా నియమం అందుకు కొన్ని దారులు చూపింది. మనిషి కూర్చుంటే హెడ్‌రెస్ట్ దానంతట అదే పైకి రావాలి. లేదా వాడని స్థితిలో అది కనీసం 60 డిగ్రీలు ముందుకో వెనక్కో పూర్తిగా వాలిపోయి కళ్లకు కనబడాలి. లేదా దించిన హెడ్‌రెస్ట్ వల్ల కూర్చున్నవారి మొండెం కనీసం 10 డిగ్రీలు నిటారుగా మారాలి. మూడో దారిలో, నిలువుగా కూర్చోబెట్టి ఇబ్బంది పెట్టడమే హెచ్చరికగా పనిచేస్తుంది. ప్రపంచ నిబంధన ఇదే ఆలోచనను ఇంకో కొలతలో చెప్పింది: దించినప్పుడు హెడ్‌రెస్ట్ కింది అంచు వీపు దగ్గరికి రావాలి, దాని మందం కనీసం 40 మిల్లీమీటర్లు ఉండాలి.

అంటే వీపులో గుచ్చుకునే హెడ్‌రెస్ట్ తనను పైకి ఎత్తమని చెబుతోంది. ఎత్తగానే సీటు మామూలుగా అనిపిస్తుంది. ఈ సంగతి కారుతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. షోరూంలో కారు తాళాలు ఇస్తూ దండ వేసి ఫొటో తీసేవాళ్లు ఈ ఒక్క మాట నోటితో చెబితే ఎన్నో మెడలు బాగుంటాయి. కొన్ని వోల్వో కార్లలో డ్రైవరు ఒక మీట నొక్కితే వెనక హెడ్‌రెస్ట్‌లు ముందుకు వాలిపోతాయి, ఎవరైనా కూర్చోవాలంటే వాటిని ఎత్తక తప్పదు. ఒత్తిడికన్నా ఇది మెరుగైన సూచన, ఎందుకంటే కళ్లకు కనబడేదాన్ని అపార్థం చేసుకోవడం కష్టం.

నిజమైన లోపాలు

ఎత్తినా ఇబ్బంది పెట్టే హెడ్‌రెస్ట్‌లు ఉన్నాయి. తక్కువ ధర కార్లలో సీటుతో కలిపి కుట్టేసిన, కదలని హెడ్‌రెస్ట్‌లు మామూలు. వాటిలో చాలా వాటి పైఅంచు, ఐదున్నర అడుగులు దాటిన మనిషి మెడ దగ్గరే ఆగిపోతుంది. తల ఆనించబోతే మెడ వెనక గట్టి అంచు తగులుతుంది. ఈ ఇబ్బంది వెనక ఏ హెచ్చరికా లేదు, సరైన స్థితి అనేదే లేదు. ఖర్చు తగ్గించుకోవడం వల్ల వచ్చిన లోపమిది. వెనక సీటు బెంచీ మధ్యలో కూర్చునేవారికి హెడ్‌రెస్ట్ లేని కార్లు ఇంకా ఎక్కువ. ఇంట్లో బక్కపలచగా ఉన్నవారినో పిల్లలనో ఆ చోట కూర్చోబెడతాం.

ఏడు సీట్ల కార్ల మూడో వరుసది మరో సమస్య. ఆ హెడ్‌రెస్ట్‌లను వెనక అద్దంలోంచి దారి కనబడడానికి దించి ఉంచుతారు, సీట్లు మడిచి సామాన్లు పెడతారు. మళ్లీ మనుషులు ఎక్కినప్పుడు ఎత్తడం ఎవరికీ గుర్తుండదు. వెనక నుంచి వచ్చే దెబ్బకు అందరికన్నా దగ్గరగా ఉండేది ఆ వరుసే.

తలను ముందుకు నెట్టే బాధ వేరే రకం. ముందు సీట్లకు ఎడం మీద 55 మిల్లీమీటర్ల పరిమితి వచ్చాక అమెరికాలో ఈ ఫిర్యాదు పెరిగింది. వెనక సీటులో బ్యాక్‌రెస్ట్ వంపును మార్చుకునే వీలు చాలా కార్లలో ఉండదు కాబట్టి సర్దుకోవడానికి చోటు తక్కువ. జుట్టు కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. కొప్పు, తల వెనక పెట్టే పెద్ద క్లచ్చర్, ఎత్తుగా కట్టిన పోనీటెయిల్, దట్టంగా పెట్టిన పూలచెండు తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య దూరి తలను రెండు మూడు అంగుళాలు ముందుకు తోస్తాయి. అప్పుడు హెడ్‌రెస్ట్ గట్టిగా, నెడుతున్నట్టు అనిపిస్తుంది. గట్టి క్లచ్చర్ దెబ్బ తగిలినప్పుడు తలకే గుచ్చుకోవచ్చు. దూర ప్రయాణంలో జడను భుజం మీదుగా ముందుకు వేసుకుని, క్లచ్చర్ తీసి పర్సులో పెట్టుకుంటే చాలామందికి ఆ బాధ తీరిపోతుంది.

సీటు కవర్ల సంగతీ చెప్పుకోవాలి. కొత్త కారు కొన్న వారంలోనే డెకార్ షాపులో లెదర్ కవర్లు కుట్టించడం తెలుగు ఊళ్లన్నింటా ఉన్న అలవాటు. హెడ్‌రెస్ట్ కడ్డీల దగ్గర ఉండే బటన్‌ను కవరు మూసేస్తే, ఎత్తు మార్చాలన్నా చెయ్యి అందదు. లోపల అదనంగా పెట్టే స్పాంజి తలకూ సీటుకూ మధ్య కొలతలను మార్చేస్తుంది. కవరు వేయించేటప్పుడు బటన్ బయటికి కనబడేలా రంధ్రం వదలమని అడగాలి.

సర్దుకోవడం

మామూలు హెడ్‌రెస్ట్‌కు రెండు ఇనుప కడ్డీలు ఉంటాయి. ఒకదాని మీద గాట్లు ఉంటాయి, ఆ కడ్డీ సీటులోకి దిగే చోట బటన్ ఉంటుంది. పైకి ఎత్తడానికి సాధారణంగా బటన్‌తో పని లేదు, రెండు చేతులతో లాగితే టిక్కుమని గాటులో పడుతుంది. దించడానికి బటన్ నొక్కాలి. ఎత్తాక ఒకసారి కిందికి అదిమి చూడాలి. గాటులో పడకుండా మధ్యలో నిలిచినది దెబ్బకు జారిపోతుంది.

పైఅంచు తల పైభాగంతో సమానంగా ఉంటే మంచిది. అంత రాకపోతే కనీసం చెవుల పైఅంచును దాటాలి. తల వెనక భాగానికీ దానికీ మధ్య నాలుగు వేళ్లకన్నా తక్కువ ఎడం ఉండాలి. వీపు సీటుకు పూర్తిగా ఆనాలి. నడుము కిందికి జారి, సగం పడుకున్నట్టు కూర్చుంటే ఈ కొలతలన్నీ తప్పుతాయి.

బెల్టు లేకుండా హెడ్‌రెస్ట్ తన పని పూర్తిగా చేయలేదు. వెనక నుంచి గుద్దినప్పుడు బెల్టు పెట్టుకోని మనిషి సీటు వెంట పైకి పాకుతాడు, తల హెడ్‌రెస్ట్‌ను దాటిపోతుంది. ఎదురుగా గుద్దుకున్నప్పుడు బెల్టు ఆపిన ఒళ్లు మళ్లీ వెనక్కి విసురుగా వస్తుంది, అప్పుడు తలను అందుకునేది హెడ్‌రెస్టే. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీటులో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ ప్రమాదంలో మరణించాక దేశమంతా వెనక సీటు బెల్టు గురించి మాట్లాడుకుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ బెల్టు పెట్టుకోనివారికి 1000 రూపాయల జరిమానా విధిస్తుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో సీటు బెల్టు పెట్టుకోక 16,715 మంది మరణించారు. వారిలో 8,331 మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు.

పిల్లలు ఉన్నప్పుడు

చిన్న పిల్లల కోసం బిగించే సీటును వెనక పెట్టేటప్పుడు హెడ్‌రెస్ట్ అడ్డు తగిలి, ఆ సీటు వీపు కారు సీటుకు ఆనకపోవచ్చు. అలాంటప్పుడు కారు పుస్తకం, పిల్లల సీటు పుస్తకం అనుమతిస్తే హెడ్‌రెస్ట్‌ను తీయవచ్చు. తీయడం సరైనదే అయ్యే సందర్భం దాదాపుగా ఇదొక్కటే. తీసినదాన్ని డిక్కీలో దొర్లనివ్వకూడదు, కడ్డీలతో ఉన్న ఆ ముక్క ప్రమాదంలో ఎగిరి వస్తే గాయపరుస్తుంది. పిల్లల సీటు తీసిన రోజే దాన్ని తిరిగి బిగించాలి.

వీపు లేని బూస్టర్ మీద కూర్చునే పిల్లల విషయం ఇందుకు విరుద్ధం. బూస్టర్‌కు తల ఆనే భాగం ఉండదు కాబట్టి కారు హెడ్‌రెస్ట్ పిల్లల చెవుల దాకా రావాల్సిందే. హెడ్‌రెస్ట్ లేని మధ్య సీటులో అలాంటి బూస్టర్ పెట్టకూడదు.

అదనపు దిండ్లు, ఊడదీసే అలవాటు

సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల నుంచి ఆన్‌లైన్ అంగళ్ల దాకా ఎలాస్టిక్ పట్టీతో హెడ్‌రెస్ట్‌కు తగిలించే మెడ దిండ్లు విరివిగా దొరుకుతాయి. సన్నటి మెత్త, తల వెనక ఎడాన్ని పూడ్చేది అయితే పెద్ద హాని లేదు. లావుపాటి దిండు మెడ దగ్గర ఉబ్బి తలను గాలిలో వదిలేస్తుంది. అప్పుడు మెడకు ఆధారం ఉంటుంది గానీ తలకు ఉండదు. నిద్రపోయినప్పుడు తల పక్కకు వాలకుండా హెడ్‌రెస్ట్‌కు రెండు వైపులా గట్టి రెక్కలు బిగించేవీ అమ్ముతున్నారు. కారుతో కలిపి పరీక్షించని గట్టి వస్తువు తల పక్కన ఉండడం మంచిది కాదు. ముందు సీటు హెడ్‌రెస్ట్ వెనక తగిలించే ట్యాబ్ స్టాండ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. ఆ హెడ్‌రెస్ట్ వెనకవైపు వెనక కూర్చున్నవారి ముఖానికి ఎదురుగా ఉంటుంది. అందుకే నిబంధనలు ఆ వైపు కూడా మెత్తగా ఉండాలని కోరతాయి.

హెడ్‌రెస్ట్‌ను వెనక్కి తిప్పి పెట్టడం కొందరు కనిపెట్టిన చిట్కా. తలను ముందుకు నెట్టే బాధ తగ్గుతుంది, ఎడం మాత్రం అంగుళాల మేర పెరుగుతుంది. గాట్లు తిరగబడి లాకు పడకపోవచ్చు కూడా.

కారు నీళ్లలో మునిగితే అద్దం పగలగొట్టడానికే హెడ్‌రెస్ట్ ఊడేలా చేశారని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చెబుతాయి. అది నిజం కాదు. సీటు మడవడానికి, పిల్లల సీటు పెట్టడానికి, శుభ్రం చేయడానికి వీలుగానే అది ఊడుతుంది. రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న అద్దం దానితో పగలదు. ఆ అవసరం కోసం, మామూలు అద్దాన్ని పగలగొట్టే చిన్న సుత్తి, బెల్టు కత్తిరించే సాధనం చేతికి అందే చోట ఉంచుకోవాలి.

హ్యాచ్‌బ్యాక్ కార్లలో వెనక సీటు, హెడ్‌రెస్ట్‌లు మరో పని కూడా చేస్తాయి. ఐక్యరాజ్యసమితి 17వ నిబంధన కింద 30 సెంటీమీటర్ల ఘనాకార దిమ్మెలు రెండు, ఒక్కొక్కటి 18 కిలోలవి, డిక్కీలో పెట్టి గంటకు 50 కిలోమీటర్ల వేగపు దెబ్బతో పరీక్షిస్తారు. సీటు, హెడ్‌రెస్ట్ వాటిని ఆపాలి. ఊరి నుంచి వచ్చేటప్పుడు మనం పెట్టే 25 కిలోల బియ్యం బస్తా ఆ దిమ్మె కన్నా బరువైనది. బస్తాలను సీటు వీపుకు ఆనించి అడుగునే పెట్టాలి, హెడ్‌రెస్ట్‌ల ఎత్తుకు పేర్చకూడదు.

భారత రహదారులపై

కేంద్ర రవాణా శాఖ నమోదు చేసిన 2022 నాటి 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో ఐదింట ఒక వంతుకు పైగా వెనక నుంచి గుద్దినవే. అందులో లారీలు, ద్విచక్ర వాహనాలు అన్నీ ఉన్నాయి కాబట్టి కార్ల వెనక సీటు గాయాల లెక్కగా దాన్ని చూడకూడదు. ఆ రకం తాకిడి ఎంత మామూలో చెప్పడానికి మాత్రం సరిపోతుంది. సంక్రాంతి ముందు హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు బారులు తీరుతాయి. కదిలి ఆగే ఆ వరుసలో ముందు బండి బ్రేకు వేస్తే వెనక బండి ఆగేందుకు దొరికే దూరం చాలా తక్కువ. ఇంటిల్లిపాదీ నిండిన కార్లలో వెనక సీటు హెడ్‌రెస్ట్ అప్పుడే అవసరపడుతుంది.

2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ కార్లకు నక్షత్రాలు ఇస్తోంది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గుద్దించే పరీక్ష, పక్క నుంచి 50 కిలోమీటర్ల వేగంతో, స్తంభానికి 29 కిలోమీటర్ల వేగంతో గుద్దించే పరీక్షలు అందులో ఉన్నాయి. వెనక నుంచి గుద్దే విప్‌లాష్ పరీక్షను తొలి రూపంలో చేర్చలేదు. కాబట్టి ఐదు నక్షత్రాలు వచ్చిన కారులో వెనక హెడ్‌రెస్ట్ ఎలా ఉందో ఆ నక్షత్రాలు చెప్పవు. తర్వాతి రూపంలో కనీసం ఎత్తు, ఎడం కొలతలనైనా చేర్చాలి, మధ్య సీటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుకు పెద్ద ఖర్చేమీ కాదు, కొలిచే పరికరం చాలు.

అంతవరకు కొనేవాళ్లే చూసుకోవాలి. షోరూంకు వెళ్లినప్పుడు ఇంట్లో అందరికన్నా పొడుగువారిని వెనక సీటులో కూర్చోబెట్టి, హెడ్‌రెస్ట్‌ను పూర్తిగా ఎత్తి పక్క నుంచి చూడాలి. మధ్య సీటులోనూ, మూడో వరుస ఉంటే అందులోనూ అలాగే చూడాలి. ప్రదర్శనకు పెట్టేది చాలాసార్లు పై వేరియంట్. అందులో జరుపుకునే హెడ్‌రెస్ట్‌లు ఉన్నా, అదే కారు కింది వేరియంట్‌లో సీటుతో కుట్టేసినవి ఉండవచ్చు. బుక్ చేయబోయే వేరియంట్‌లోనే కూర్చుని చూపించమని అడగాలి.